నీళ్ళు కూడా దినుసే

ఫైలు కళ్ళముందే ఉంది. పేరు సరిగ్గా ఉంది, సైజు సరిగ్గా ఉంది, నడపడానికి అనుమతీ ఉంది. నడపమంటే మాత్రం "అలాంటి ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదు" అంటోంది కంప్యూటర్. నల్లగొండలో మా డాబా మీది గదిలో ఈ ఒక్క మాటతో మూడు రాత్రులు గడిచాయి నాకు.

ఆ ఫైలు పేరు ఏఏపీటీ2. ఆండ్రాయిడ్ యాప్‌లో ఉండే బొమ్మలను, అక్షరాలను, తెర అమరికలను ఫోను చదువుకునే రూపంలోకి మార్చి కట్టగట్టే చిన్న పనిముట్టు. దాన్ని నేను తెచ్చుకోలేదు. యాప్‌ను కూర్చిపెట్టే గ్రేడిల్ అనే సాధనం తనంతట తానే గూగుల్ భండారం నుంచి దించుకుంది. నాలుగో రాత్రి సంగతి తేలింది. లేనిది ఆ ఫైలు కాదు. లైనక్స్‌లో ఒక ప్రోగ్రాము మొదలవ్వాలంటే ముందుగా మరో చిన్న ప్రోగ్రాము దాన్ని మెమరీలోకి ఎక్కించాలి. ఆ ఎక్కించేది ఫలానా చోట ఉంటుందని ఏఏపీటీ2 లోపల రాసిపెట్టి ఉంది. మామూలు కంప్యూటర్లలో అది అక్కడే ఉంటుంది కాబట్టి ఆ రాత ఎవరి కంటా పడదు. యాప్ తయారీ కోసం నేను కొత్తగా కట్టుకున్న మూసిన గదిలో ఆ చోటే లేదు. లేనిది ఒకటైతే కంప్యూటర్ లేదన్నది ఇంకొకదాన్ని.

ఆ గదిలోకి నేనెందుకు వెళ్ళానో చెప్పాలంటే మా మామ దగ్గర మొదలుపెట్టాలి.

మా మేనమామది చండూరు దగ్గరి ఊరు. చిటికి కడతాడు. పోచంపల్లి చీరె అనీ, ఇక్కత్ అనీ దేశమంతా చెప్పుకునేది ఆ పనే. బట్ట నేశాక రంగు అద్దడం కాదు. నేయకముందే, ఇంకా నూలుగా ఉన్నప్పుడే, రంగు పట్టకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ బిగించి కట్టి రంగులో ముంచుతారు. విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఆఖరికి మగ్గం మీద పడుగూ పేకా కలిసినప్పుడు ఏనుగో, చిలకో, పువ్వో తేలుతుంది. నిజానికి ఆ ఏనుగు పుట్టింది మగ్గం మీద కాదు, గ్రాఫ్ కాగితం మీద. ఏ పోగుల గుంపులో ఎన్నో గడి నుంచి ఎన్నో గడి దాకా కట్టాలో కట్టే ముందే లెక్క తేలాలి. ఒక గడి తప్పితే మగ్గం ఎక్కాక గానీ తెలియదు.

నేను రాసిన యాప్ ఆ లెక్క చేస్తుంది. గ్రాఫ్ కాగితాన్ని ఫోటో తీస్తే, ఒక్కో గుంపుకు ఎక్కడ కట్టాలి, ఏ రంగు తరవాత ఏ కట్టు విప్పాలి అని వరసగా చెబుతుంది. ఇందులో నాకు తోడు మహబూబ్‌నగర్‌లో ఉండే మిత్రుడు, ఇంజనీరింగ్‌లో నాతో చదివినవాడు, సొంతూరు గద్వాల. ఫోటోలోంచి గళ్ళు గుర్తుపట్టే భాగం ఆయనది. కోడ్ ఇద్దరిదీ ఒకటే, అక్షరం తేడా లేదు. నా లాప్‌టాప్‌లో యాప్ తయారవుతుంది, ఆయన దాంట్లో ఎర్రగీతలు వస్తాయి. ఆయన దగ్గర జావా 11 ఉంది, మేం వాడే ఆండ్రాయిడ్ ప్లగిన్‌కు జావా 17 కావాలి. జావా మార్చుకుంటే ఆయన ఉద్యోగపు మరో ప్రాజెక్టు ఆగిపోయింది. అది సర్దుకున్నాక బిల్డ్ టూల్స్ వెర్షన్ వేరు. అదీ సర్దుకున్నాక ఎన్‌డీకే అనే ఇంకో పనిముట్ల కట్ట వేరు. "నా దగ్గర నడుస్తోందే" అని నేను, "నా దగ్గర నడవట్లేదే" అని ఆయన, ఫోన్లో గంటలు పోయాయి. ఇద్దరం అబద్ధం ఆడటం లేదు. యాప్‌లోకి మా కోడ్ కాక ఇంకా ఏమేమి చేరుతున్నాయో ఇద్దరికీ తెలియదు, అంతే.

ఆ వేసవిలోనే మామ ఇంటి వెనక బోరు ఎండిపోయింది. ట్యాంకర్ నీళ్ళు పోయించుకుని రంగు వేశాడు. రంగు తెచ్చింది అదే దుకాణం, నూలు అదే, తూకం అదే, మంట అదే. ఎరుపు మాత్రం వెలవెలబోయింది. నేను వెళ్ళేసరికి గోడకు పాత చిలప, కొత్త చిలప పక్కపక్కన వేలాడుతున్నాయి.

"రంగుల తప్పు లేదు అల్లుడా," అన్నాడు. "నూలుల తప్పు లేదు. నీళ్ళు మారినయి."

"మరి నీ పుస్తకంల అన్నీ రాసుకుంటవ్ గద మామా?"

"రంగు ఎంత, సోడా ఎంత, ఎంతసేపు ఉడకాలె, అన్నీ రాసిన. నీళ్ళు ఎవలన్న రాసుకుంటరా? నీళ్ళు ఉంటనే ఉంటయి గద."

ఉంటనే ఉంటయి. నా లాప్‌టాప్‌లో జావా ఉన్నట్టు, ఏఏపీటీ2ను ఎక్కించే ఆ చిన్న ప్రోగ్రాము ఉన్నట్టు. ఎప్పుడూ ఉండేదాన్ని దినుసుగా లెక్కించం. అది మారిన రోజున కారణం కోసం లెక్కించిన వాటిలోనే వెతుకుతాం, అక్కడ దొరకదు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద తేర్చిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెడతారు. ఆ నూనె, ఆ బూడిద నీళ్ళు వాళ్ళ లెక్కలో ఎర్రరంగుతో సమానమైన దినుసులు. ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని పేరే నూనె మీద వచ్చిందన్నది మరవకూడదు.

నిక్స్ అనే సాధనం నాకు దొరికింది ఆ రోజుల్లోనే. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఎల్కో డోల్‌స్ట్రా 2003లో మొదలుపెట్టి, 2006లో తన పీహెచ్‌డీ గ్రంథంగా సమర్పించిన ఆలోచన అది. కంప్యూటర్‌లో ప్రోగ్రాములను పెట్టే, తీసే, మార్చే సాధనాలు అప్పటికే చాలా ఉన్నాయి. ఆయన అడిగిన ప్రశ్న వేరు. ఒక ప్రోగ్రామును తయారుచేయడాన్ని గణితంలో ప్రమేయంలాగా ఎందుకు చూడకూడదు?

ప్రమేయం అంటే ఇంటర్ మొదటి ఏడాది లెక్కల పుస్తకం తెరవగానే వచ్చే పాఠం. ఇచ్చిన విలువ అదే అయితే వచ్చే విలువా అదే. వారం మారినా, ఊరు మారినా, చేసే మనిషి మారినా సరే. మా జిల్లావాళ్ళకు దీన్ని చెప్పడానికి లెక్కల పుస్తకం కూడా అక్కర్లేదు. నల్లగొండ టెక్నిక్ చాలు. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతి అది. బక్కెట్ నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, ముందు గబగబా, తరవాత మెల్లగా తిప్పి, తేరనిచ్చి, పైనీళ్ళు వంచుకుంటే ఫ్లోరైడ్ చాలావరకు అడుగున మడ్డితో ఉండిపోతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్ళను చూసినవాళ్ళెవరికీ ఆ బక్కెట్ విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. తూర్పు ఆఫ్రికా ఊళ్ళ దాకా మా జిల్లా పేరును మోసుకెళ్ళిన పద్ధతి అది. అయితే నేను చెప్పదలచుకున్నది పటిక గురించి కాదు. ఆ పద్ధతిలో "బక్కెట్‌కు ఇంత పటిక" అని ఒకే కొలత ఉండదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అని ముందు పరీక్షించి, దాన్నిబట్టి పటిక ఎంతో పట్టికలో చూసుకోవాలి. ఈ బోరుకు ఒక కొలత, ఆ బోరుకు ఇంకో కొలత. మామ పుస్తకంలో రాయని నీళ్ళు, ఆ పట్టికలో మొట్టమొదటి గడి.

నిక్స్ చేసేదీ అదే. యాప్‌కు కావలసిన ప్రతిదాన్నీ పేరు పెట్టి రాయమంటుంది. ఏ జావా, ఏ ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ పనిముట్ల పెట్టె), ఏ బిల్డ్ టూల్స్, ఏ కంపైలర్, ఆ కంపైలర్‌ను తయారుచేసిన కంపైలర్ ఏది అన్నదాకా. రాసినవాటిని మాత్రమే ఒక మూసిన గదిలో పెట్టి తలుపు వేస్తుంది. లోపల ఇంటర్నెట్ ఉండదు. మన ఇంటి ఫోల్డర్ కనపడదు. రాయనిది ఏదైనా కావలసివస్తే పని అక్కడే ఆగిపోతుంది. నా ఏఏపీటీ2 ఆగింది అందుకే. మూడు రాత్రులు విసిగించిన ఆ తప్పును ఇప్పుడు నేను తప్పు అనుకోవడం లేదు. ఏళ్ళ తరబడి లెక్కలోకి రాకుండా దాక్కున్న ఒక దినుసు మొదటిసారి తన పేరు చెప్పుకుంది.

తయారైనదాన్ని నిక్స్ ఒక స్టోర్‌లో పెడుతుంది. ఆ స్టోర్ తెరిచి ఒక్క ఫోల్డర్ పేరు నిదానంగా చూడండి. ముందు 32 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు, తరవాత చిన్న గీత, తరవాత ప్రోగ్రాము పేరు, వెర్షన్. ఆ 32 అక్షరాలు ఎవరూ పెట్టినవి కావు, దినుసులన్నిటినీ కలిపి లెక్కగట్టగా వచ్చినవి. ఒక్క దినుసులో ఒక్క అక్షరం మారినా గుర్తు మొత్తం మారిపోతుంది, కొత్త ఫోల్డర్ పుడుతుంది, పాతది చెక్కుచెదరదు. ఆ గుర్తులో ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు, ఈ, ఓ, టీ, యూ, ఎప్పుడూ రావు. అక్షరాలు అటూఇటూ కలిసి అనుకోకుండా బూతు మాట కాకూడదని వాటిని పక్కన పెట్టారు. స్టోర్‌లోని ఏ ఫైలు తేదీ చూసినా 1970 జనవరి 1. మన గడియారంలో పొద్దున 5 గంటల 30 నిమిషాల 1 సెకను. ఫైలు ఎప్పుడు తయారైందన్నది కూడా చెప్పకుండా చేరే దినుసే కాబట్టి అన్నిటికీ ఒకే తేదీ వేసి ఆ దారీ మూసేశారు.

ఫోల్డర్లు వేరువేరు కాబట్టి జావా 11, జావా 17 ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్నొకటి ముట్టుకోవు. ఈ సంగతి చెప్పగానే మా మిత్రుడు "గద్వాల చీరె లెక్క" అన్నాడు. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ వేరువేరుగా ఉంటూనే ఒకే చీరె. సొంతూరు బట్ట కాబట్టి ఆయనకు ముందు అదే తోచింది.

ఆండ్రాయిడ్ యాప్‌ను నిక్స్‌తో తయారుచేయడం కొత్త విషయమేమీ కాదు. సాండర్ వాన్ డెర్ బర్గ్ అనే డచ్ పరిశోధకుడు 2012లోనే దానికి దారి వేశాడు. ఇప్పుడు ఎస్‌డీకేలో ఏ ఏ ముక్కలు కావాలో నాలుగు వరసల్లో రాస్తే నిక్స్ వాటినే కూర్చిపెడుతుంది. గూగుల్ లైసెన్సును ఒప్పుకుంటున్నానని కూడా ఒక వరస రాయాలి, అది రాయకపోతే కదలదు. బటన్ నొక్కి మరిచిపోయే ఒప్పందం కూడా ఇక్కడ కాగితం మీదికి వస్తుంది. ఏఏపీటీ2కు మందు ఏమిటంటే, ఎస్‌డీకేలో ఉన్నదాన్నే తీసుకుని, ఎక్కించే ప్రోగ్రాము చిరునామాను స్టోర్‌లోని చిరునామాగా తిరగరాసి, "నువ్వు తెచ్చుకున్నది కాదు, ఇది వాడు" అని గ్రేడిల్‌కు చెప్పడం. ఒక్క వరస.

గ్రేడిల్‌తో అసలు కష్టం ఇంకోటి. దానికి కావలసిన లైబ్రరీలను తయారీ మధ్యలోనే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవడం దాని అలవాటు. తలుపు వేసిన గదిలో ఆ అలవాటు చెల్లదు. పైగా చాలామంది కోడ్‌లో "2.+" అని రాసి ఉంటుంది. రెండుతో మొదలయ్యే వెర్షన్లలో ఇవాళ ఏది కొత్తదైతే అది తెమ్మని అర్థం. ఇవాళ్టి యాప్ రేపు అదే యాప్ కాదన్నమాట. మాదాంట్లోనూ అలాంటివి రెండు దొరికాయి. లైబ్రరీలన్నిటినీ ఒక్కసారి తలుపు తెరిచి తెప్పించి, ఒక్కోదాని గుర్తును జాబితాగా రాసి, అప్పటి నుంచి ఆ జాబితాలోవి తప్ప లోపలికి రానీయకుండా చేశాను. నేను నేరుగా అడిగినవి పట్టుమని పది లేవు, జాబితా మాత్రం కొన్ని వందల వరసలైంది. ఒకటి ఇంకోదాన్ని అడుగుతుంది, అది మరోదాన్ని. ఆ జాబితా చదువుతూ కూర్చున్న రాత్రి నా యాప్ ఎవరెవరి భుజాల మీద నిలబడిందో మొదటిసారి చూశాను.

ఇదంతా ఎందుకు, ఇంటర్నెట్ ఉంటనే ఉంటది గదా అనేవాళ్ళకు జేసెంటర్ సంగతి చెప్పాలి. ఆండ్రాయిడ్ ప్రాజెక్టులు ఏళ్ళ తరబడి లైబ్రరీలు తెచ్చుకున్న భండారం అది. 2021 ఫిబ్రవరిలో నడిపేవాళ్ళు ఇక మూసేస్తామన్నారు. కోడ్‌లో అక్షరం మారకపోయినా పాత ప్రాజెక్టులు ఎన్నో తయారవకుండా పోయే పరిస్థితి వచ్చింది. వాటి బోరు ఎండిపోయింది.

అన్నీ రాయగలమా అంటే రాయలేం. ఐఫోన్ యాప్‌కు కావలసిన ఎక్స్‌కోడ్‌ను ఆపిల్ మెషీన్‌లో విడిగా పెట్టుకోవాల్సిందే. నిక్స్ దాన్ని బయటే ఉంచి, అనుకున్న వెర్షన్ అవునా కాదా అని మాత్రం చూసుకుంటుంది. అలాగే కావాలనే బయట ఉంచాల్సినది ఒకటుంది. యాప్ మీద సంతకం చేసే తాళంచెవి. స్టోర్‌లో పెట్టినదాన్ని ఆ కంప్యూటర్ వాడే ఎవరైనా చదవచ్చు కాబట్టి తాళంచెవి పొరపాటున కూడా అందులోకి పోకూడదు. సంతకం లేని యాప్ గది లోపల తయారవుతుంది, సంతకం గది బయట నా చేత్తో నేను చేస్తాను. ఈ గీత ఎక్కడ గీయాలో తెలియడానికే నాకు నెల పట్టింది.

ఇది సులువని నేను అనను. నిక్స్‌కు సొంత భాష ఉంది, అది మామూలుగా మనం నేర్చుకునే భాషల్లా ఉండదు. తప్పు చెప్పే తీరు గజిబిజి. డిస్కును తింటుంది, అప్పుడప్పుడు పాతవి ఊడ్చుకోవాలి. విసుగు పుట్టిన ప్రతిసారీ నాకు చింతకింది మల్లేశం గుర్తొచ్చేవాడు. ఆలేరు దగ్గరి శారాజీపేట మనిషి. చిటికి కట్టే ముందు పోగును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరెకు చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999కి ఆసు యంత్రం తయారుచేశాడు. ఏడేళ్ళు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం చేసే పనిని చూసినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. తల్లి చేయి చేసేదాన్ని ఎవరూ మాటల్లో చెప్పి ఉండరు. మేకు దగ్గర చేయి ఎంత వంగాలి, పోగు ఎంత బిగువుండాలి, ఎక్కడ ఆగాలి అన్నది చేతికే తెలుసు. దాన్ని ఒక్కో కదలికగా విడదీసి, ఒక్కోదానికీ కొలత కట్టి చెబితే తప్ప యంత్రం చేయదు. ఆయన ఏడేళ్ళూ ఆ విడదీయడానికే పోయి ఉంటాయని నా నమ్మకం. దాని ముందు నా మూడు రాత్రులు ఎంత?

అన్నీ కుదిరాక స్టోర్‌లో యాప్‌కు సంబంధించిన పరివారాన్నంతా ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాను. మా ఇంట్లో సెల్‌ఫోన్ నెట్టే దిక్కు, మిత్రుడి ఇంట్లోనూ అంతే. అన్ని జీబీలు రెండుసార్లు దించుకునే బదులు ఒకసారి మోసుకుపోవడమే మేలు. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులో మహబూబ్‌నగర్ వెళ్ళాను. ఆయన లాప్‌టాప్‌కు డిస్క్ తగిలించి, ఇంటర్నెట్ తీసేసి, తయారుచేయమన్నాం. ఎర్రగీత ఒక్కటీ రాలేదు. ఆయన జావా 11 జోలికి ఎవరూ పోలేదు.

ఈసారి దినుసుల నుంచి కాక, తయారైన యాప్ ఫైలు నుంచే లెక్కగట్టిన గుర్తులు రెండూ పోల్చి చూశాం. కలవలేదు.

దినుసులు ఒకటే, గది ఒకటే, యాప్‌లు వేరు. విప్పి చూస్తే తేడా ఒకే ఒక్క చోట ఉంది. యాప్ గురించి చెప్పే పేజీలో "తయారైన సమయం" అని నేనే ఎప్పుడో రాసి పెట్టిన వరస. గోడ గడియారం చూసి సమయం వేయమని నా కోడే చెబుతోంది. నిక్స్ గడియారాన్ని మూసేయదు. దినుసులను కట్టడి చేయగలదు గానీ, మనమే కోడ్‌లో పెట్టిన కిటికీని అది మూయలేదు. ఆ వరస తీసేసి, కోడ్ ఆఖరిసారి మారిన తేదీ వేయమన్నాం. మళ్ళీ తయారుచేశాం. ఈసారి ఆయన గుర్తులో ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే నేను నా తెర మీద వేలు పెట్టి పోల్చుకుంటూ పోయాను. ఆఖరి అక్షరం దాకా ఒకటే.

మామకు ఇదంతా చెబితే గుర్తుల సంగతి ఆయనకు పట్టలేదు. మర్నాడు మాత్రం పుస్తకంలో ఒక వరస ఎక్కువ గీశాడు. పైన "నీళ్ళు" అని రాశాడు. కింద మొదటి మాట, "ట్యాంకర్."

2023లో నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఐటీ టవర్లు తెరిచారు. ఇటు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో, అటు పాలమూరు విశ్వవిద్యాలయంలో, చుట్టుపక్కల కాలేజీల్లో ప్రతి ఏడూ పిల్లలు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకని యాప్‌లు రాస్తున్నారు. వాళ్ళను నేను అడిగేది ఒక్కటే. కోడ్‌తో పాటు దినుసుల జాబితా కూడా అప్పగించండి. నిక్స్ నేర్చుకుంటే సరే, తీరిక లేకపోతే ఒక తెల్లకాగితం మీదైనా ఏ జావా, ఏ గ్రేడిల్, ఏ ఎస్‌డీకే, ఏ లైబ్రరీ ఏ వెర్షన్ అని రాసి లోపల పెట్టండి. వచ్చే ఏడు మీ యాప్‌ను తెరిచే తమ్ముడో చెల్లెలో దాన్ని మొదటి రోజే నడిపించుకోగలగాలి.